కారు ఇంజిన్ ఆయిల్: 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40.. మీ కారుకు ఏది? వికారాబాద్, తాండూరు రోడ్లపై తిరిగేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ

కారు సర్వీసింగ్‌కు ఇస్తే మెకానిక్ అడిగే మొదటి మాట.. "ఆయిల్ ఏది పొయ్యాలె?" చాలామంది చెప్పే జవాబు.. "మంచిది పొయ్యన్నా". ఆ 'మంచిది' ఏంటన్న దగ్గరే అసలు చిక్కు. తాండూరు లాంటి ఎండ ప్రాంతంలో 'చిక్కటి ఆయిల్ పోస్తేనే ఇంజిన్‌కు బలం' అనే మాట ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆ మాట నమ్మి కొత్త పెట్రోల్ కారులో 20డబ్ల్యూ-50 పోయించేవాళ్లున్నారు. మైలేజీ వస్తుందని పాత డీజిల్ బండికి నీళ్లలాంటి 0డబ్ల్యూ-20 అడిగేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. తేడా తెలిసేసరికి ఇంజిన్ బోరింగ్ ఖర్చు మీద పడుతుంది. ట్యాక్సీ నడిపే కుటుంబానికైతే నెల రోజుల సంపాదన గోవిందా.

ఇంతకీ డబ్బా మీద ఉండే ఆ అంకెల అర్థమేంటి? మన దగ్గరి ఎండకు, దుమ్ముకు, అనంతగిరి ఘాట్‌కు ఆయిల్ గ్రేడ్ మార్చాలా? సింథటిక్ ఆయిల్‌కు అంత ఖర్చు పెట్టాల్సిన అవసరం ఉందా?

ఆ రెండు అంకెలు ఏం చెబుతాయి?

5డబ్ల్యూ-30 అన్న గ్రేడ్ తీసుకుందాం. ఇందులో 'డబ్ల్యూ' అంటే వెయిట్ అని చాలామంది అనుకుంటారు. కాదు, వింటర్. అంటే చలికాలం. డబ్ల్యూకు ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె తగ్గే కొద్దీ ఆయిల్ చలిలో ఇంకా బాగా పారుతుంది. వెనకున్న 30 అనేది ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పే అంకె.

ఈ గ్రేడ్లను నిర్ణయించేది అమెరికాలోని ఎస్‌ఏఈ సంస్థ. 1911లోనే ఆయిల్ చిక్కదనానికి వర్గీకరణ మొదలుపెట్టింది. ఇప్పుడు అమల్లో ఉన్న ప్రమాణం పేరు జే300. దాని ప్రకారం 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. 0డబ్ల్యూ అయితే మైనస్ 35.

ఇక్కడే చాలామందికి డౌట్ వస్తుంది. వికారాబాద్ జిల్లాలో చలి ఎంత పెరిగినా ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు పడిందంటేనే పెద్ద వార్త. మైనస్ 30తో మనకేం పని? 15డబ్ల్యూ, 20డబ్ల్యూ చాలదా? ఇంజిన్ గడ్డకట్టిపోకుండా స్టార్ట్ అవ్వడమే లెక్కయితే చాలు. కానీ లెక్క అది కాదు.

మే నెల మధ్యాహ్నం కూడా ఇంజిన్‌కు 'చలే'

ఆయిల్ కంపెనీలు ఇచ్చే డేటా షీట్లలో చిక్కదనాన్ని రెండు ఉష్ణోగ్రతల దగ్గర చూపిస్తారు. ఒకటి 40 డిగ్రీలు, రెండోది 100 డిగ్రీలు. ఆ 40 డిగ్రీలు అంటే తాండూరులో మే నెల మధ్యాహ్నం అన్నమాట. నీడలో ఆపి ఉన్న కారులో ఆయిల్ దాదాపు ఆ వేడిలోనే ఉంటుంది.

మామూలుగా దొరికే 0డబ్ల్యూ-20 ఆయిల్‌కు 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 45 సెంటీస్టోక్స్ చుట్టూ, 100 డిగ్రీల దగ్గర 8 నుంచి 9 మధ్య ఉంటుంది. 15డబ్ల్యూ-40కి అవే లెక్కలు సుమారు 110, 14. అంటే రోహిణి కార్తెలో కారు తాళం తిప్పినా సరే, ఆ క్షణంలో ఇంజిన్‌లోని ఆయిల్ అది పనిచేయాల్సిన స్థితి కన్నా ఐదు నుంచి ఎనిమిది రెట్లు చిక్కగా ఉన్నట్టే. మనకు చెమటలు పడుతున్నా ఇంజిన్ దృష్టిలో అది కోల్డ్ స్టార్టే.

పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే ఇంజిన్ భాగాలు ఎక్కువగా అరుగుతాయి. ఆయిల్ పంపు కింద నుంచి ఆయిల్‌ను పీల్చి, పైన క్యామ్‌షాఫ్ట్ దాకా పంపాలి. పల్చటి ఆయిల్ చప్పున చేరుతుంది, చిక్కటిది ఆలస్యంగా చేరుతుంది. ఆముదం సీసా, నువ్వుల నూనె సీసా పక్కపక్కన వంచి చూస్తే తేడా ఇట్టే అర్థమైపోతుంది. (ఆముదం మాట వచ్చింది కాబట్టి ఓ ముచ్చట: కాస్ట్రాల్ అన్న బ్రాండ్ పేరు పుట్టింది ఆముదం ఇంగ్లిష్ పేరు నుంచే. 1900ల మొదట్లో ఇంజిన్ ఆయిల్‌లో ఆముదం కలిపేవారు.)

కాబట్టి డబ్ల్యూ ముందు అంకె తక్కువ ఉండటం మన ఎండల్లో కూడా లాభమే. 0డబ్ల్యూ అంటే 'మంచు దేశాల ఆయిల్' అనుకుని పక్కన పెట్టాల్సిన పని లేదు.

మరి బయట 43 డిగ్రీలుంటే ఆయిల్ పల్చబడిపోదా?

చిక్కటి ఆయిల్ వాదన అంతా ఈ ప్రశ్న మీదే నిలబడింది. జవాబు ఇంజిన్‌లోని థర్మోస్టాట్‌లో ఉంది. నీళ్లతో చల్లబడే కారు ఇంజిన్‌లో కూలెంట్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ కలిసి దాదాపు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతాయి. బయట జనవరి పొద్దున అయినా, ఏప్రిల్ మధ్యాహ్నం అయినా వేడెక్కాక ఇంజిన్ ఉండేది ఆ చుట్టుపక్కలే. ఆయిల్ వేడి సాధారణంగా 90 నుంచి 110 మధ్య తిరుగుతుంది. బయటి ఎండ దాన్ని కొద్దిగా పైకి నెడుతుందే తప్ప గ్రేడ్ మార్చాల్సినంత తేడా తేదు.

ఆయిల్‌ను నిజంగా కాల్చేది లోడు. ఏడుగురు కూర్చోవాల్సిన బండిలో పదిమంది, పైన సామాన్లు, ఏసీ ఫుల్, ముందు నాపరాయి లోడుతో పాకుతున్న లారీ.. ఇదీ అసలు పరీక్ష. అందుకే జే300 ప్రమాణంలో 150 డిగ్రీల వేడిలో, గట్టి ఒత్తిడిలో ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో చూసే పరీక్ష కూడా ఉంది. 20 గ్రేడ్‌కు కనీసం 2.6, 30 గ్రేడ్‌కు 2.9, 15డబ్ల్యూ-40కి 3.7 రావాలి. ఇంజిన్ తయారుచేసిన ఇంజినీర్లు ఆ పొర మందాన్ని లెక్కలో పెట్టుకునే బేరింగ్ సందులు, ఆయిల్ పంపు సైజు నిర్ణయిస్తారు.

అందుకే డబ్ల్యూ తర్వాతి అంకెతో ఆటలు వద్దు. 2.6 చాలని డిజైన్ చేసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే అది 'ఎక్కువ బలం' కాదు. సన్నటి దారుల్లోంచి ఆయిల్ తోయడానికి పంపు మరింత కష్టపడుతుంది, మైలేజీ తగ్గుతుంది. వాల్వ్‌ల టైమింగ్ మార్చే వీవీటీ లాంటి వ్యవస్థ ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది కాబట్టి చిక్కటి ఆయిల్‌తో అది మందకొడిగా స్పందిస్తుంది. ఇంజిన్ అదే రోజు చెడిపోదు. అందుకే 'నేను పోయించాను, ఏం కాలేదు' అనే మాట కూడా ఊళ్లలో వినిపిస్తుంటుంది. నష్టం నెమ్మదిగా జరిగేది కాబట్టి ఎవరూ దాన్ని ఆయిల్ ఖాతాలో రాయరు.

రివర్స్‌లో జరిగితే మాత్రం నష్టం ఇంకా పెద్దది. 3.7 కావాల్సిన పాత డీజిల్ ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 పోస్తే లోడు మీద ఆయిల్ పొర చిరిగి లోహానికి లోహం తగులుతుంది. బేరింగ్‌లు పోతాయి, చివరికి ఇంజిన్ సీజ్ అవుతుంది. కంపెనీ చెప్పినదాని కన్నా పల్చటి ఆయిల్ పోయడమే రెండు తప్పుల్లో పెద్ద తప్పు.

ఏ కారుకు ఏ గ్రేడ్?

ఫైనల్ మాట ఎప్పుడూ కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌దే. మాన్యువల్ పోగొట్టుకున్నవాళ్లు కంపెనీ వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. చాలా కార్లలో బానెట్ ఎత్తితే ఆయిల్ పోసే మూత మీదే గ్రేడ్ అచ్చువేసి ఉంటుంది. అది చూడకుండా పక్కింటివాళ్ల కారులో ఏది పోశారో అదే పోయించడం మాత్రం కుదరదు. ఒకే పేరున్న కారుకు పెట్రోల్, డీజిల్ ఇంజిన్లలో వేర్వేరు ఆయిల్ కావొచ్చు. ఏ ఏడాది మోడల్ అన్నదాన్ని బట్టి కూడా మారొచ్చు.

చిన్న పెట్రోల్ కార్ల దగ్గర మొదలుపెడితే, మారుతి కొత్త కె-సిరీస్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-16, అంతకుముందు తరం వాటికి 0డబ్ల్యూ-20 లేదా 5డబ్ల్యూ-30 కనిపిస్తాయి. హోండా పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-20 అలవాటైన గ్రేడ్. హ్యుందాయ్, కియా మాన్యువల్స్‌లో బయటి ఉష్ణోగ్రతను బట్టి ఏ గ్రేడ్ వాడొచ్చో చూపే పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో మన వాతావరణానికి ఒకటికి మించి గ్రేడ్లు సరిపోతే, లోడు ఎక్కువ వేసేవాళ్లు వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. ఇది మెకానిక్ ఇష్టం కాదు, కంపెనీ ఇచ్చిన వెసులుబాటు. పట్టిక దాటి వెళ్లడమే తప్పు.

టర్బో పెట్రోల్ కార్ల సంగతి కాస్త వేరు. ఒక లీటరు ఇంజిన్ నుంచి పెద్ద ఇంజిన్ పని పిండే కార్లు ఇవి. తక్కువ స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లో ఇంధనం ముందుగానే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఆయిల్‌లో వాడే కొన్ని రసాయనాలు దీన్ని పెంచుతాయని తేలాక 2020 మేలో ఏపీఐ ఎస్‌పీ అనే ప్రమాణం వచ్చింది, 2025లో దానికన్నా కొత్తదైన ఎస్‌క్యూ వచ్చింది. కాబట్టి టర్బో పెట్రోల్ ఓనర్లు గ్రేడ్ ఒక్కటే చూస్తే చాలదు. డబ్బా వెనక ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ అని ఉందో లేదో చూసుకోవాలి. ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్ అని ఉన్న పాత స్టాక్ తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దు.

హైబ్రిడ్ కార్లలో ఇంజిన్ పదే పదే ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంది. అందుకే వాటికి 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి సింథటిక్ ఆయిల్సే చెబుతారు. ఒక హెచ్చరిక: 0డబ్ల్యూ-16 అనేది దాని కోసమే తయారైన ఇంజిన్లకు మాత్రమే. కొత్తదని, ఖరీదని పాత 5డబ్ల్యూ-30 కారులో పోయకూడదు.

డీజిల్‌కు వస్తే రెండు కాలాలుగా చూడాలి. పాత ఇండికా, సుమో, తవేరా, బొలెరో లాంటి బండ్లు ఇంకా ఈ రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. వీటికి 15డబ్ల్యూ-40 సరైన గ్రేడ్. మంచి డీజిల్ ఆయిల్ అయితే చాలు, ఫుల్లీ సింథటిక్ పోయాల్సిన అవసరం లేదు. ఆ డబ్బులతో ఇంకాస్త ముందుగా ఆయిల్ మార్పించుకుంటే బండికి ఎక్కువ మేలు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక అమ్మిన డీజిల్ కార్ల కథ మొత్తం మారిపోయింది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మామూలు డీజిల్ ఆయిల్ కొద్దికొద్దిగా కాలినప్పుడు మిగిలే బూడిద ఈ ఫిల్టర్‌లో చేరి, ఇక పోదు. మసిని కాల్చేయొచ్చు, బూడిదను కాల్చలేం. అందుకే వీటికి తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లేదా జేఏఎస్ఓ డీఎల్-1 లాంటి గుర్తులు ఉంటాయి. గ్రేడ్ 5డబ్ల్యూ-30 అని కలిసినంత మాత్రాన సరిపోదు. ఆ సీ-గుర్తు లేని 5డబ్ల్యూ-30 పోస్తే ఇంజిన్ బాగానే ఉంటుంది, డీపీఎఫ్ జామ్ అవుతుంది. దాన్ని మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు ఎన్నో ఏళ్ల ఆయిల్ ఖర్చు కూడా చిన్నదే.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ బ్రాండ్లకు గ్రేడ్‌తో పాటు కంపెనీ సొంత అప్రూవల్ నంబర్ ఉంటుంది. మాన్యువల్‌లో ఉన్న నంబర్ డబ్బా మీద అక్షరం పొల్లు పోకుండా కనిపించాలి.

'సింథటిక్' అంటే అసలేంటి?

ముడిచమురును శుద్ధి చేసి తీసేది మినరల్ ఆయిల్. ల్యాబ్‌లో రసాయనికంగా కట్టిన అణువులతో చేసేది అసలు సింథటిక్. పీఏఓ రకం ఆయిల్ దీనికి ఉదాహరణ. మధ్యలో ఇంకో రకం ఉంది. ముడిచమురు నుంచే తీసి, హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసే గ్రూప్-3 ఆయిల్. దీన్ని సింథటిక్ అని అమ్మొచ్చా లేదా అని మొబిల్, కాస్ట్రాల్ మధ్య అమెరికాలో వివాదం నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన విభాగం కాస్ట్రాల్ వైపు మొగ్గింది. అప్పటి నుంచి గ్రూప్-3 కూడా సింథటిక్ పేరుతోనే షాపుల్లోకి వస్తోంది.

కొనేవాళ్లు దీని గురించి తల బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. మంచి గ్రూప్-3 ఆయిల్ మన కార్లకు చక్కగా సరిపోతుంది. 0డబ్ల్యూ, 5డబ్ల్యూ గ్రేడ్లు మంచి బేస్ ఆయిల్ లేకుండా కుదరవు కూడా. 'సెమీ సింథటిక్' అన్న పేరు దగ్గరే కాస్త జాగ్రత్త. అందులో సింథటిక్ పాలు ఎంతన్నది డబ్బా మీద చాలాసార్లు కనిపించదు. పేరు చూసి డబ్బులు ఎక్కువ పెట్టకుండా వెనకున్న ప్రమాణాలు చదవాలి.

సింథటిక్ వల్ల నికరంగా వచ్చే లాభం.. వేడికి తొందరగా మాడిపోదు, జిడ్డు మడ్డి తక్కువ కడుతుంది, స్టార్టింగ్‌లో చురుగ్గా పారుతుంది. రాని లాభం ఒకటుంది. అది దుమ్మును ఆపలేదు.

తాండూరు దుమ్ము: గ్రేడ్ మార్చదు, తేదీ మారుస్తుంది

తాండూరు అంటే కందిపప్పు గుర్తొస్తుంది. 2022లో దానికి జీఐ గుర్తింపు కూడా దక్కింది. బండి నడిపేవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది దుమ్ము. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంట్ ఫ్యాక్టరీలు, రాత్రీపగలూ తిరిగే లారీలు. కార్లకు ఇది నేరుగా తగులుతుంది.

నాపరాయి పొడి మెత్తటి సున్నపురాయే. కానీ రోడ్డు మీద లేచేది అదొక్కటే కాదు. అందులో ఇసుక, మట్టి రేణువులు ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ ఉక్కును గీకగలదు. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా లేకపోతే ఈ రేణువులు సిలిండర్‌లోకి వెళ్లి, ఆయిల్‌లో కలిసి, గరుకు కాగితంలా పిస్టన్ రింగులను అరగదీస్తాయి. ఆయిల్ ఫిల్టర్ పెద్ద రేణువులను పట్టుకుంటుంది, సన్నటివి తప్పించుకుంటాయి. ఎంత ఖరీదైన సింథటిక్ అయినా, ఎంత చిక్కటి గ్రేడ్ అయినా ఈ అరుగుదలను ఆపలేదు.

మాన్యువల్ సర్వీసింగ్ పేజీల్లో 'సివియర్ కండిషన్స్' అని ఒక పట్టిక ఉంటుంది. చాలామంది చూడని పేజీ అదే. దుమ్ము రోడ్లు, చిన్న చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు ఐడ్లింగ్, అధిక లోడు, ఘాట్ రోడ్లు.. ఇవన్నీ సివియర్ కిందికే వస్తాయి. మామూలుగా 10,000 కి.మీ. లేదా ఏడాదికి ఆయిల్ మార్చమనే కంపెనీలు చాలావరకు సివియర్ కింద ఆ గడువును సగానికి తగ్గిస్తాయి. తాండూరులో క్వారీల వైపు రోజూ తిరిగే కారు సివియర్ కాకపోతే ఇంకేది సివియర్?

అదే వికారాబాద్ నుంచి మన్నెగూడ మీదుగా హైదరాబాద్‌కు రోజూ పోయివచ్చే కారు పరిస్థితి వేరు. ఒక్కో ట్రిప్పు డెబ్బై కిలోమీటర్లు దాటుతుంది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరైపోతుంది. దీనికి 10,000 కి.మీ. గడువు సరిపోవచ్చు. కిలోమీటర్లు ఎక్కువ తిరిగే ఈ కారు కన్నా, ఊళ్లోనే స్కూలుకు, మార్కెట్‌కు రెండేసి కిలోమీటర్లు తిరిగే కారు ఆయిలే ముందు పాడవుతుంది. ఏడాదికి 3,000 కి.మీ. కూడా తిరగలేదని ఆయిల్ మార్చకుండా వదిలేసేవాళ్లు ఇది గమనించాలి. కిలోమీటర్లు, నెలలు.. ఏది ముందు వస్తే అదే లెక్క.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో ఇంకో అలవాటు ఉంది. కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ అదే పెట్టేయడం. ప్రెషర్ ఎక్కువైతే కాగితం పొరకు కంటికి కనిపించని చిల్లులు పడతాయి, ఇక దుమ్ముకు అడ్డే ఉండదు. ఫిల్టర్ ఖరీదు ఒక లీటరు సింథటిక్ ఆయిల్ ధర చుట్టూనే ఉంటుంది. మార్చేయడమే నయం.

అనంతగిరి ఘాట్‌కు వేరే ఆయిల్ కావాలా?

శని, ఆదివారాలు వస్తే హైదరాబాద్ నుంచి అనంతగిరి గుట్టలకు, కోటిపల్లి ప్రాజెక్టుకు కార్లు బారులు తీరుతాయి. ఘాట్ ఎక్కాలి కాబట్టి చిక్కటి ఆయిల్ పోయించుకుని రావాలా అంటే, అక్కర్లేదు. మన ఘాట్ చిన్నది. మాన్యువల్ చెప్పిన గ్రేడ్ హాయిగా తట్టుకుంటుంది. పై గేర్‌లో ఇంజిన్‌ను ఏడిపించకుండా చిన్న గేర్‌లో ఎక్కితే చాలు, టర్బో పెట్రోల్ కార్లకు ఇది మరీ ముఖ్యం.

బయల్దేరే ముందు చూడాల్సింది గ్రేడ్ కాదు, లెవెల్. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి కొన్ని నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. చాలా కార్లలో కింది గుర్తుకు, పై గుర్తుకు మధ్య తేడా సుమారు ఒక లీటరు. చిన్న పెట్రోల్ కారులో మొత్తం పట్టేదే మూడు నాలుగు లీటర్లు కాబట్టి ఒక లీటరు తగ్గడమంటే చిన్న విషయం కాదు. వాలు రోడ్డు మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపుకు గాలి అందే ప్రమాదం ఉంటుంది.

బీఎస్-6 డీజిల్ కార్లలో దీనికి రివర్స్ సమస్య ఉంది. ఊళ్లో చిన్న ట్రిప్పులే తిరిగితే డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకునే పని మధ్యలోనే ఆగిపోతుంది. ఆ పని కోసం చల్లిన డీజిల్ కాస్త ఆయిల్‌లోకి దిగుతుంది. పోసిన దానికన్నా లెవెల్ పెరిగి పై గుర్తు దాటిందంటే సంబరపడొద్దు, ఆయిల్ డీజిల్‌తో పల్చబడిందని అర్థం. వెంటనే మార్చాలి. ఇలాంటి కారును వారానికోసారైనా హైవే మీద 20, 30 నిమిషాలు ఆగకుండా నడపడం మంచిది. వికారాబాద్ వాళ్లకు బీజాపూర్ హైవే దగ్గర్లోనే ఉంది.

పాత బండి ఆయిల్ తాగుతుంటే?

లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారు ఆయిల్ తాగడం మొదలుపెడితే ఒక మెట్టు చిక్కటి గ్రేడ్‌కు మారడం తప్పేమీ కాదు. 5డబ్ల్యూ-30 నుంచి 5డబ్ల్యూ-40కి, మాన్యువల్ పట్టిక ఒప్పుకుంటే. గమనించండి, మార్చింది వెనక అంకె మాత్రమే, ముందున్న 5డబ్ల్యూ అలాగే ఉంది. ఒకేసారి 20డబ్ల్యూ-50కి దూకడం అంటే రోగం తెలియకుండా పెయిన్ కిల్లర్ మింగడమే. పొగ తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల రింగులు అరుగుతూనే ఉంటాయి. అంతకన్నా ముందు కింద ఆయిల్ కారుతోందా, వాల్వ్ సీల్స్ పోయాయా అని చూపించుకోవాలి.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడేవాళ్లు కూడా ఎక్కువే. డీజిల్ కారులో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, అది మసిని తనలో పట్టుకుని పనిచేస్తోందని అర్థం. భయపడాల్సింది రంగు పాలు కలిపిన టీలా మారినప్పుడు. కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్న అనుమానం అది, బండి నడపకుండా మెకానిక్‌ను పిలవాలి.

ట్రాక్టర్ డబ్బా, బైక్ డబ్బా

పొలం ఉన్న ఇళ్లలో ట్రాక్టర్ కోసం తెచ్చిన పెద్ద డబ్బా ఎప్పుడూ ఉంటుంది. కారులో తగ్గితే అందులోంచి ఓ లీటరు పోసేయడం మామూలే. పాత డీజిల్ జీపుకైతే ఫర్వాలేదు గానీ, కొత్త పెట్రోల్ కారుకు, డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కు అది పనికిరాదు. అలాగే కారు సింథటిక్ మిగిలిందని బైక్‌లో పోయొద్దు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్‌లోని జారుడు రసాయనాల వల్ల క్లచ్ జారుతుంది. బైక్ డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి.

షాపులో ఏం అడగాలి?

బ్రాండ్ పేరు కన్నా ముందు గ్రేడ్, ప్రమాణం చెప్పి అడగాలి. '5డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌పీ' లేదా '5డబ్ల్యూ-30, సీ3' అని. ఇంజిన్‌లో ఎన్ని లీటర్లు పడుతుందో మాన్యువల్‌లో చూసుకుని వెళ్తే, పెద్ద ఎస్‌యూవీ డీజిల్‌కు చిన్న కారు ప్యాక్ తెచ్చుకుని రెండోసారి తిరగాల్సిన పని ఉండదు. సీల్ తెరవని డబ్బా, తయారీ తేదీ, బ్యాచ్ నంబర్, బిల్లు.. ఈ నాలుగూ లేకుండా కొనొద్దు. డ్రమ్ములోంచి వంచి ఇచ్చే లూజ్ ఆయిల్ వద్దే వద్దు. ఎదురుగా నిలబడి డబ్బా తెరిపించి పోయించుకుంటే, ఖాళీ డబ్బా వెనక్కి తెచ్చుకుంటే మరీ మంచిది. వారంటీ ఉన్న కార్లకు ఆ బిల్లు మీద గ్రేడ్, కిలోమీటర్ల రీడింగ్ రాయించుకోవాలి.

పాత ఆయిల్‌ను చెదలు పట్టకుండా దూలాలకు పూయడం, కాలువలో పారబోయడం ఇంకా కనిపిస్తూనే ఉంది. వాడిన ఇంజిన్ ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. అనంతగిరిలో పుట్టే మూసీ దిగువకు అందరి నీళ్లూ మోసుకెళ్తుంది. సేకరించి రీఫైనింగ్‌కు పంపే గ్యారేజీలో వదిలేయడమే సరైన దారి.

రోడ్డు మధ్యలో రెడ్ లైట్ వెలిగితే?

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో ధారూరు దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ క్యాన్ గుర్తు వెలిగిందనుకుందాం. అది 'సర్వీసింగ్ టైమ్ అయింది' అని చెప్పే లైట్ కాదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. తాండూరు ఎంత దూరం, మెల్లగా వెళ్లిపోదాం అనుకుంటే చేరేసరికి ఇంజిన్ ఉండకపోవచ్చు. వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయాలి. కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ తక్కువుంటే దగ్గర్లో దొరికే కారు ఆయిల్‌లో మీ గ్రేడ్‌కు దగ్గరగా ఉన్నది ఏదైనా సరే, బ్రాండ్ పట్టింపు లేకుండా పోయొచ్చు. ఆ పరిస్థితిలో వేరే ఆయిల్ కలవడం కన్నా ఆయిల్ లేకుండా నడపడమే పెద్ద ప్రమాదం. తర్వాత ఆయిల్ మొత్తం మార్పించుకోవాలి, లీకేజీ ఎక్కడుందో వెతికించాలి. లెవెల్ సరిగ్గానే ఉండి, మళ్లీ స్టార్ట్ చేసినా లైట్ ఆరకపోతే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. టోయింగ్ బండి పిలిపించాలి.